మృగం గొంతు

“అక్కా, కళ్లు మూసుకోకు. బావ పడ్డ కష్టమంతా ఇప్పుడొస్తుందట!” చెల్లెలు ఆమె మోచేతి మీద గిల్లింది.

తెర మీద బొమ్మ ఊగిపోతోంది. పాడుబడ్డ రాళ్ల క్వారీలో నలుగురు స్నేహితులు తప్పిపోయారు. తర్వాత అక్కడ ఒక ఫోను దొరికింది. అందులో మిగిలిన వీడియోనే ఈ సినిమా అన్నట్టు తీశారు. మృగం ఎక్కడా కనపడదు. చీకట్లో వినపడుతుంది, అంతే.

వినపడింది.

ఎక్కడో నేల అడుగున సన్నగా మొదలైంది. పైకి లేచి, చీలి, ఊపిరందక తెగి, మళ్లీ లేచింది. హాలంతా బిగుసుకుపోయింది. ముందు వరసలో ఒక పెద్దాయన “అమ్మ బాబోయ్” అన్నాడు. చెల్లెలి పాప్‌కార్న్ సగం ఒళ్లో ఒలికింది.

ఆమెకు మాత్రం భయం వేయలేదు. ఎందుకో గొంతు మండింది. సీసా తీసి రెండు గుక్కల నీళ్లు తాగింది.

“ఇంతమంది హడలిపోతుంటే నీళ్లు తాగుతున్నావా? నువ్వు నిజంగా రాయివే అక్కా!”

అనేసి చెల్లెలు నాలుక కరుచుకుంది. ఇంట్లో ఎవరూ వాడని మాట అది.

ఏడాదిన్నర కిందట కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ పూట సంగతులేవీ ఆమెకు గుర్తు లేవు. మత్తుమందు వల్ల ఒక్కోసారి అలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆమెకు బిడ్డ సంగతి చెప్పినప్పుడు గదిలో ఉన్న అయినవాడు భర్త ఒక్కడే. “నేను ఏడ్చానా?” అని అతన్ని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. “లేదు. గోడకేసి చూస్తూ పడుకున్నావు” అనేవాడు ప్రతిసారీ. పది రోజులు గొంతు పెగల్లేదు. మత్తిచ్చేటప్పుడు వేసిన గొట్టం వల్ల అన్నాడు. కన్నబిడ్డ పోతే కంటతడి పెట్టని తల్లి ఉంటుందా? ఉంది, నేనే, అనుకుంటూ బతుకుతోంది.

దీపాలు వెలిగాయి. చప్పట్లు ఆగలేదు. దర్శకుడు తెర ముందుకొచ్చి సౌండు చేసినతన్ని పిలిచాడు. భర్త తన సంచీ ఆమె ఒళ్లో పెట్టి, చొక్కా సర్దుకుంటూ మెట్లెక్కాడు.

“మృగం గొంతుకు చేసిన శబ్దం వద్దు, దొరికిన శబ్దం కావాలన్నాను. ఎన్ని తెచ్చినా నాకు నచ్చలేదు. పని మానేసి పొమ్మని కూడా అన్నాను. ఆ మర్నాడే ఇది తెచ్చాడు!” అన్నాడు దర్శకుడు అతని భుజం తట్టి.

“ఏం జంతువండీ అది?” ఎవరో అరిచారు.

“మూడింటిని కలిపానండి. పేర్లు చెప్పేస్తే రేపు నాకు పనెవరిస్తారు?”

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే.

“బావ అసాధ్యుడే! నిద్రలో కూడా జేబులో రికార్డరు ఉంటుందన్నావుగా, ఉత్తినే కాదు” అంది చెల్లెలు. “ఇందాక ఆ ఏడుపు నా ఫోన్లో పట్టేశాను. రింగ్‌టోన్ పెట్టుకున్నా. నువ్వొకసారి ఫోన్ చెయ్.”

ఆమె చేసింది. చెల్లెలి అరచేతిలో మృగం ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసి పకపకా నవ్వారు. ఒకతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అచ్చం అలాగే ఊళ పెట్టాడు. ఆమెకూ నవ్వాగలేదు. అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో.

“ఆ మూడింట్లో పంది ఉండే ఉంటుంది. ఏమంటావు?”

“ఏమో. నన్ను ఆ సౌండు కలిపే గదిలోకి కూడా రానివ్వలేదు.”

“సంచీ నీ దగ్గరేగా, మొద్దూ! ఆ రాసుకునే పుస్తకం ఉండదూ?”

ఉంది. ఇంట్లో తలుపు కిర్రుమన్నా సరే, ఎక్కడిది, దేనిది అని అందులో రాసుకుంటాడు. శబ్దం పుట్టుక దాచడం దొంగతనం అంటాడు. ఆమె దొంగచాటుగా వేదిక వైపు చూసింది. భర్త ఎవరితోనో ఫొటో దిగుతున్నాడు. పుస్తకం తెరిచింది.

‘మృగం అడుగులు: తడి గోనెసంచి, సిమెంటు నేల.’

‘ఎముకలు విరగడం: క్యారెట్లు, మా వంటగది.’

“అయ్యో, మొన్న కూరకి లేకుండా చేసింది ఇందుకా!” అని నవ్వుతూ పేజీ తిప్పింది.

“ఏమని ఉంది? పందేనా?” చెల్లెలు రింగ్‌టోన్ మళ్లీ మోగించింది.

పేజీలో ఒక్కటే వరస ఉంది.

‘మృగం ఏడుపు: కాన్పుల వార్డు, మా ఆవిడ.’