నీళ్ల ఒడ్డున కంప

సుస్మిత కాలిలో తుమ్మముల్లు దిగింది.

పదేళ్ల పిల్ల. ఏడుపు ఇల్లు దాటి నీళ్లదాకా వినిపించింది.

కూతురి కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీసిన విజేందర్, అది ఎక్కడిదా అని నీళ్లవైపు చూశాడు. లాన్‌కు దిగువన, ఎండకు బీటలు వారిన మట్టిమీద ఎవరో గుండ్రంగా తుమ్మకంప పరిచారు.

కొల్లాపూర్ అవతల, డ్యాం కట్టాక నిలిచిన కృష్ణ వెనకనీళ్ల ఒడ్డున అరెకరం జాగా. హైదరాబాదులో ఇరవై ఏళ్లు కడుపు కట్టుకుని, సెలవులకని ఈ మధ్యే కట్టుకున్న ఇల్లు. మే నెల ఎండలో అక్కడ పచ్చిక బతికించడమంటే చంటిపిల్లను సాకడమే. పొద్దున ఒక తడి, సాయంత్రం ఒక తడి, మధ్యాహ్నం పైన పచ్చవల. ఇంతచేసి సాకుతుంటే, నీళ్లకు పోయే దారిలోనే కంప కొట్టారు.

కంప కొట్టారంటే కబ్జాకు కాలు పెట్టారనే లెక్క. విజేందర్‌కు ఆ సంగతి మరీ బాగా తెలుసు. వాళ్ల బాపు రెండెకరాలు ఇట్లాగే పోయాయి. మొదట నాలుగు ముళ్లు, తర్వాత నాలుగు రాతి కడీలు, ఆ తర్వాత చచ్చేదాకా కోర్టు.

"ఎవడేసిండు సిద్దిరాములూ?"

గద్వాలలో మగ్గం వదిలి ఆ ఇంటికి తోటమాలిగా వచ్చిన సిద్దిరాములు తల గోక్కున్నాడు.

"ఊళ్లె ముసలాయన సార్. ఫక్రుద్దీన్ అంటరు. రోజూ పొద్దుగాల్నే వచ్చి చూసుకొని పోతడు."

"చూసుకొని పోనీకి వాని అబ్బ జాగీరా ఇది?"

మర్నాడు పొద్దున ఫక్రుద్దీన్ దొరికాడు. డెబ్బై దాటిన మనిషి. చేతులు మొరటు, మాట మెత్తన.

"ఏం పెద్దమనిషీ, ఈ కంప నువ్వే కొట్టినవా?"

"నేనే సారూ. గీడ బాయున్నది. నా బాయి."

నా బాయి అన్నాడో లేదో, విజేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇయ్యాల నా బాయంటవ్. రేపు నా జాగంటవ్. ఎల్లుండి కాయితం పట్టుకొస్తవ్. గిసొంటోళ్లను మస్తుమందిని చూసిన."

"జాగా ముచ్చట కాదు సారూ. జర ఇను..."

"సిద్దిరాములూ, బాయెక్కడున్నదో చూడు."

సిద్దిరాములు కంప పక్కకు లాగి మడమతో తొక్కి చూశాడు. గట్టినేల. ఏటేటా వరద తెచ్చిన ఒండ్రు ఎండి పెంకు కట్టి ఉంది.

"ఏం లేదు సార్. ఒట్టి మట్టి."

"పైకి గట్లనే కొడ్తది సారూ. కిందంత బురద. నీళ్లొస్తే..."

"చాలు. మళ్ల గీడ కనబడితే ఠాణాల కేసైతది."

విజేందర్ సైగ చేస్తే సిద్దిరాములు కంపకు నిప్పు పెట్టాడు. అది కాలుతుంటే ముసలాయన కాసేపు నిలబడి చూసి వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు విజేందర్.

ఆగస్టులో వరదొచ్చింది. నీళ్లు లాన్ అంచుదాకా వచ్చి నిలిచాయి. ఎండాకాలమంతా సాకిన పచ్చిక, దాని కొసన నీళ్లు. చూస్తే కడుపు నిండింది విజేందర్‌కు. సుస్మిత పుట్టినరోజు అక్కడే చేద్దామన్నాడు. బడి స్నేహితులు పదిహేను మంది వస్తారు. ఒడ్డున మోకాలి లోతే కదా, నీళ్లలో ఆడుకుంటారు.

ఆ ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి వచ్చి కారు దిగేసరికి, ఒడ్డుకు పదడుగుల దూరంలో నీళ్లలో ఒక వెదురుకట్టె నిలబడి ఉంది. కొసన ఎర్రగుడ్డ.

విజేందర్ మొహం మాడిపోయింది.

"చూసినవా సిద్దిరాములూ? అప్పుడు కంప, ఇప్పుడు జెండా. పీకెయ్ దాన్ని."

సిద్దిరాములు లుంగీ ఎగ్గట్టి దిగాడు. మోకాలి లోతు. కట్టెదాకా పోయి ఇంకో అడుగు వేశాడు. ఉన్నట్టుండి ఛాతీదాకా దిగిపోయాడు. కట్టెను పట్టుకుని ఎలాగో వెనక్కి పడి, పాక్కుంటూ ఒడ్డెక్కాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేల లేదు సార్. కాలికింద నేలే లేదు. కాలికి... మనిషి తగిలిండు."

చేపలు పట్టేవాళ్లు పుట్టి వేసుకుని వచ్చారు. బావి నోట్లోంచి ఫక్రుద్దీన్‌ను తీశారు. చంకన తాడుతో కట్టుకున్న మూడు వెదురుకట్టెలు అట్లాగే ఉన్నాయి. మూడింటికీ ఎర్రగుడ్డలు. బావికి నాలుగు దిక్కులా పాతాలని వచ్చినట్టున్నాడు. ఒకటి పాతి, రెండోదానికి పోతూ జారాడు.

ఆయన్ను లాన్ మీదే పడుకోబెట్టారు. సుస్మితను తల్లి లోపలికి తీసుకుపోయింది.

కబురంది ఆయన భార్య లాల్ బీ వచ్చింది. పక్కన కూర్చుని, మొహం మీది బురద కొంగుతో మెల్లగా తుడిచింది.

విజేందర్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా... జాగా కోసం వచ్చిండనుకున్న."

"జాగా డ్యాం నీళ్లల్లనే పోయె సారూ. దాని మీద ఆశ ఎన్నడో ఇడిసిండు. బాయి తవ్విన చేతులు నావి, అండ్ల ఎవలన్న పడితే పాపం నాదే అంటుండె. నలభై ఏండ్ల సంది ఎండల కంప, వానల కట్టె. ఒక్క ఏడు తప్పలే."

విజేందర్ ఆమె ఎదుట పచ్చిక మీద కూర్చున్నాడు.

"రావద్దని చెప్పిన కదమ్మా. మరి ఇయ్యాల ఎందుకొచ్చిండు?"

లాల్ బీ కొంగు పిండుకుంటూ ఇంటి కిటికీవైపు చూసింది. అక్కడ సుస్మిత నిలబడి ఉంది.

"మీ బిడ్డ పుట్టినదినమని నిన్న చాయ్ హోటల్ల ఇన్నడంట, 'పోరగాండ్లు నీళ్లల్ల దిగుతరు లాలూ, సారు రాకముందే పోయి నిషానీ పాతొస్త' అని పోయిండు సారూ."