చంద్రవ్వ చాట

"కండ్లు మూసుకో చంద్రవ్వా. ఒక తోట అనుకో. పక్కపొంటి చల్లగ ఏరు పారుతున్నది..."

డాక్టరు కరుణాకర్ రావు మాట పూర్తికాకముందే, బల్లమీద పడుకున్న చంద్రవ్వ కళ్లు తెరిచేసింది.

ఆయనకు చిరాకు వచ్చింది. రాదా మరి? ఆ రోజు అన్నల బంద్. కోరుట్ల నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద నక్సలైట్లు చెట్లు కొట్టి పడేశారు. అందులో ఒకదాన్ని దాటబోయి చంద్రవ్వ జారిపడింది. కొమ్మ మొన తొడలో లోతుగా దిగి, లోపలే విరిగింది. నెత్తురు ఆగడం లేదు. మత్తుమందు నిన్ననే అయిపోయింది, కరీంనగర్ నుంచి రావాలి. అప్పటిదాకా ఆగితే ప్రాణానికే ముప్పు. మత్తు లేకుండా కోస్తే మనిషి కదలకూడదు. కదిలిందా, కత్తి పక్కనున్న రక్తనాళాన్ని తెంపుతుంది. అందుకే, మనసును మనమే జోకొట్టుకునే పద్ధతేదో పుస్తకంలో చదివి, ఆమెకు చెబుతున్నాడు.

"తోటంటే నాకు పాములే యాదికస్తయి సారూ. ఏరంటే భయం. నేను నా చాట వెట్టుకుంట."

చాటంటే బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునే ఆకు, తంబాకుల చాట. ఆమెకు మనసు కుదురుకునేది దాని ముందేనట. పుస్తకంలో అలా లేదన్నాడు డాక్టరు. కనీసం వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. వెనక్కి తనకు రాదనీ, ముందుకైతే ఎంతైనా లెక్క తప్పదనీ చెప్పింది. ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి ఇదేమన్నా కూరా అని విసుక్కుని, సరే కానిమ్మన్నాడు.

"ఒక్క మాట సారూ. నువ్వు ఏం జేసినా, నా చెవుల ఏది వడ్డా, దాన్ని గూడ బీడీలల్లనే కలుపుకుంట. ఇడిశిపెడితే మనసు గటే గుంజుతది."

కత్తి దిగింది. నర్సు సరోజన గుడ్డముక్కల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడింది. చంద్రవ్వ మూసిన రెప్ప కూడా కదపలేదు. కదిలినవల్లా వేళ్లే. లేని ఆకు తీశాయి, లేని తంబాకు పోశాయి, చుట్టాయి, మూతి మడిచాయి, దారం కట్టాయి. డాక్టరు "గుడ్డ" అని చెయ్యి చాచి, నెత్తురు పీల్చే గుడ్డముక్కను గాయంలో కుక్కినప్పుడల్లా ఒక బీడీ. ముఖం చూస్తే ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా ఉంది. ఆ పుస్తకం రాసినవాడు గనక చూసి ఉంటే లేచి దండం పెట్టేవాడు.

జానెడు కట్టెముక్క బయటికొచ్చింది. నెత్తురు ఆగింది. డాక్టరు తడిసిన గుడ్డలు ఒక్కొక్కటే తీసి టప్పుమని గిన్నెలో వేశాడు. అప్పుడూ ఆమె వేళ్లు ఊరుకోలేదు. చుట్టినవాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నట్టు కదిలాయి.

అన్నీ వచ్చాయా అని అడిగాడు డాక్టరు. వచ్చాయంది సరోజన, చెమట తుడుచుకుంటూ. ఆయన కుట్లు వేయడానికి సూది అందుకున్నాడు.

"కుట్టకు సారూ," అంది చంద్రవ్వ, కళ్లు మూసుకునే. "ఒకటి తక్కువున్నది."

డాక్టరుకు ముచ్చటేసింది. ఇంత గట్టి మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు. ఆమె ఇంకా చాట ముందే ఉందనుకొని, బీడీలు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు, కదలకుండా పడుకోమన్నాడు.

"బీడీలు గావు సారూ. నువ్వు పద్దెనిమిది గుడ్డలు అడిగినవు. గిన్నెల పదిహేడే పడ్డయి."