అరపూట గోల్కొండ

నర్సింగం గోరీలు చూడాలన్నాడు. ఇల్లంతా నవ్వింది.

నవ్వక ఏం చేస్తారు? అరవై దాటిన మగవాళ్లు ఏడుపాయల పోదామంటారు, తిరుపతి పోదామంటారు. ఈయనేమో హైదరాబాదులో, గోల్కొండ దగ్గర, కుతుబ్‌షాహీ రాజుల సమాధులు చూస్తాడట. టీవీలో ఎవరో చూపించారు. అప్పటినుంచి అదే పాట.

"ఏమయ్యా, నీకు సూడనీకి బతికున్నోళ్లు దొరుకుతలేరా?" అంది భార్య వజ్రమ్మ.

నర్సింగం తలూపాడు. భార్య మాటకు తలూపడం తప్ప ఆయనకు వచ్చిన విద్య లేదు.

కోడలు వర్షిత మాత్రం ఫోన్ తీసి ప్లాన్ వేసింది. "నర్సాపూర్ మీదికెల్లి పోదాం మామయ్యా. గేటు తీసేటాళ్లకు ఆడుంటే, పొద్దు తిరిగేటాళ్లకు మెదక్‌ల పడొచ్చు. హాఫ్ డే చాలు. రాజులవే కాదు, బేగంలవి కూడ ఉన్నయి."

"బేగం అంటే రాజు పెండ్లామా, తల్లా?"

"ఒక రాజుకు పెండ్లాం, ఇంకో రాజుకు తల్లి."

"అయితే ముందుగాల గదే చూద్దాం," అన్నాడు నర్సింగం.

మళ్లీ నవ్వారు. కొడుకు రత్నాకర్ అయితే పొట్ట పట్టుకున్నాడు. "గంత దూరం పోయి గోరీలేంది బాపూ? మంచిగ మాల్‌ల తిరిగొద్దాం. ఏసీ ఉంటది."

వజ్రమ్మ నవ్వలేదు. ఆమెకు నవ్వు కన్నా పదునైనవి చాలా ఉన్నాయి.

"కన్నతల్లి పోతే ఒక్క సుక్క కండ్లనీళ్లు పెట్టలె. రాజుల తల్లులను సూడబోతడట!"

అదీ నిజమే. యాదవ్వ పోయినప్పుడు నర్సింగం ఏడవలేదు. హవేలిఘనపూర్‌లో సొంత పొలం గట్టునే తల్లిని పూడ్చాడు. మీద సమాధి కట్టిస్తానని ఒకసారి నసిగాడు. "గోరీ ఉన్న పొలం రేపు అమ్ముదామంటే ఎవడు కొంటడు?" అని వజ్రమ్మ ఒక్కటే మాట అడిగింది. అంతే, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. మరుసటేడు పొలం అమ్మి మెదక్‌లో ఈ ఇల్లు కట్టారు. దానికీ తలూపాడు. అలాంటి మనిషికి గోల్కొండ కావాల్సొచ్చింది.

చివరికి వజ్రమ్మే దిగొచ్చింది. కాకపోతే ఒక షరతు.

"గోరీల కాడికి పోయొచ్చినోళ్లు తానం చెయ్యకుంట నా గడప తొక్కొద్దు. బయట నల్లా కాడనే పోసుకోవాలె."

నల్లా దగ్గర అంతా బురద. నిలబడ్డానికి ఏదైనా వెయ్యాలి. వజ్రమ్మ చూపు పెరట్లో జామచెట్టు కిందికి పోయింది.

అక్కడొక నల్ల బండ ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిందని నర్సింగం తెచ్చి వేశాడు. ఇంటిల్లిపాదికీ అదొక తమాషా. పొద్దున్నే దాన్ని నీళ్లు పోసి కడుగుతాడు. టీ గ్లాసు పట్టుకుని పక్కనే నేల మీద కూర్చుంటాడు. బండ మీద మాత్రం కూర్చోడు. చల్లదనం పడదట. మొదటి గుక్క ఎప్పుడూ దాని మీద ఒలికిపోతుంది. చెయ్యి వణుకుతుందట. కోపమొచ్చినప్పుడల్లా వజ్రమ్మ కావాలని చెప్పులు దాని మీదే విడుస్తుంది. ఆయన వాటిని తీసి కింద పెడతాడు. కూర్చోని బండకు ఇంత సేవ చేసేవాణ్ణి పిచ్చోడు అనక ఏమంటారు?

"ఆ బండ నల్లా కాడ ఎయ్యి," అంది వజ్రమ్మ కొడుకుతో.

"గది ముట్టొద్దు," అన్నాడు నర్సింగం.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ గొంతు ఈ ఇంట్లో ఎవరూ విన్నది కాదు.

"ఎందుకు ముట్టొద్దు? బంగారం దాచినవా?"

"అయితే గోల్కొండే వద్దు. ఎవ్వరం పోవద్దు. కారు కిరాయికి మాట్లాడిన కదా, వద్దని చెప్పొస్త." చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

వర్షిత వెనక్కి పిలిచింది. తిరిగి చూడలేదు.

"సూసినవా? బండ కోసం గోల్కొండను ఇడిసిండు!" వజ్రమ్మ అరచేతులు చరిచింది. ఇన్నేళ్లలో మొగుడు ఆమెకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. అది ఆమెకు కారం రాసినట్టుంది. "ఒచ్చేటాళ్లకు అది నల్లా కాడ ఉండాలె. ఎట్లంటడో సూస్త."

"పోనీ అత్తమ్మా, మామయ్య వద్దన్నడు కదా," అంది వర్షిత.

"నీ మామయ్య మాట బండకు చెప్పు, ఇంటదేమో."

రత్నాకర్ గడ్డపార తెచ్చాడు. బండ బాగా దిగబడి ఉంది. అంచున గడ్డపార దూర్చి, బలమంతా పెట్టి ఎత్తాడు. అది కాసేపు మొరాయించి, ఒక్కసారిగా లేచి వెల్లకిలా పడింది. కింద నుంచి వానపాములు చెదిరిపోయాయి.

"గింత దానికి ఏం పరేషాన్ చేసిండు," అంటూ వజ్రమ్మ బక్కెట్‌తో నీళ్లు తెచ్చి గుమ్మరించింది.

ఇన్నేళ్లూ నేలకు అదిమి ఉన్న వైపు మట్టి కరిగి, ఉలితో చెక్కిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి: "మా అమ్మ యాదవ్వ."