పియానో చెప్పే కబురు

"లోపల ఎవరక్కా?" అని పక్కన కూర్చున్న మణెమ్మ అడిగేసరికి సుందరమ్మ జపం ఆగింది.

"నా బిడ్డ" అన్నది.

మణెమ్మ నూజెండ్ల నుంచి కడుపుతో ఉన్న చిన్నకోడలిని నెలవారీ పరీక్షకు తీసుకొచ్చిన మనిషి. నరసరావుపేటలోని ఈ ఆసుపత్రికి రావడం ఆమెకు ఇదే మొదలు. తొమ్మిదింటికి మూసిన ఆపరేషన్ గది తలుపు పదకొండు దాటినా తెరుచుకోలేదు. సుందరమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అది చూసి మణెమ్మ తనకు తోచిన ధైర్యం చెప్పసాగింది. తొలికాన్పులన్నీ ఇంతేనట. తన పెద్దకోడలు రోజున్నర నొప్పులు పడి, చివరికి పండంటి కొడుకును ఎత్తుకున్నదట. సుందరమ్మ ఆ మాటలు వింటున్నదో లేదో తెలియదు. నారాయణ నామం మళ్ళీ ఆమె వేళ్ళ కణుపుల మీద నడుస్తున్నది.

"అల్లుడేడక్కా? కనపడ్డంలా."

"అల్లుడు లేడమ్మా."

మణెమ్మ నాలుక కరుచుకున్నది. కొంగు కళ్ళకద్దుకొని, దేవుడికి కళ్ళు లేవని సన్నగా తిట్టి, సంచిలోంచి అరటిపండొకటి తీసి సుందరమ్మ ఒడిలో పెట్టింది. ఆమెకు వివరించి చెప్పే ఓపిక సుందరమ్మకు లేకపోయింది.

లోపల ఎట్లా ఉందో నర్సునైనా అడగరాదా అన్నది మణెమ్మ.

"అడిగినా చెప్పరు. ఇక్కడ కబురు పియానో చెప్పాలి."

డాక్టర్ మహాలక్ష్మి ఈ ఆసుపత్రి తెరిచిన నాటి నుంచీ ఉన్న నియమమది. నలభై రెండేళ్ళుగా తప్పలేదు. బల్ల మీది ప్రాణి గండం గడిచి కన్ను తెరిచిన తరువాత, వైద్యం చేసిన చేతులు కడుక్కొని, హాలుకూ ఆపరేషన్ గదికీ నడుమనున్న చిన్న గదిలో పియానో ముందు కూర్చోవాలి. మంగళహారతి పాట ఒకటి వాయించాలి. అంతవరకు నర్సులెవ్వరూ బయటికి వచ్చి మంచిగాని చెడుగాని పలకరాదు. నోటి మాట మొహమాటానికి అబద్ధమాడుతుంది, వేళ్ళు ఆడలేవు అన్నది డాక్టరమ్మ సిద్ధాంతం.

వైద్యం చదివే రోజుల్లో హాస్టల్ వార్డెనమ్మ దగ్గర పట్టుబడిన ఆ విద్య ఆమెను జన్మంతా విడువలేదు. విజయపురి సౌత్‌లో డ్యాం ఇంజనీర్ల క్లబ్బు మూతపడి, అక్కడి పియానో చెదల పాలవుతున్నదని విని, వరిగడ్డి పరిచిన లారీలో దానిని పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చుకున్నది. ఆదివారాలు రోగుల పిల్లలనూ వీధి పిల్లలనూ కూర్చోబెట్టుకొని, ఎవరి బిడ్డవని అడగకుండా నేర్పింది. ఒక్కరే వింటే సంగీతం సగమే అవుతుందని ఆమె మాట.

సుందరమ్మ ఆ సంగీతం మొదట విన్నది బల్ల మీద పడుకునే. ముప్పై ఏళ్ళ క్రితం నకరికల్లు నుంచి ట్రాక్టరు మీద నొప్పులతో వచ్చింది. సాయిప్రియ పుట్టింది గాని ఏడవలేదు. ఒళ్ళంతా నీలం. డాక్టరమ్మ ఆ పసికందు నోట తన ఊపిరి ఊదింది, ఎంతసేపో. తరువాత సన్నని ఏడుపు, ఆ వెంట పియానో. నాటి నుంచి సుందరమ్మ రోజూ దీపం పెట్టి దేవుడికి మొక్కిన తరువాత, కళ్ళు తెరవకముందే ఆ రెండు చేతులను తలచుకుంటుంది.

"మరి ఇయాళ అది మోగకపోతే?" మణెమ్మ అడగరానిది అడిగేసింది.

"మోగకపోతే నా బిడ్డ ఇంక మనిషి కాదమ్మా."

అంతలో తలుపు తెరుచుకొని నర్సు ఆయేషా పరుగులాంటి నడకతో వచ్చింది. ఫ్రిజ్‌లోంచి రక్తం ప్యాకెట్ తీసుకొని తిరిగి వెళ్ళబోతుంటే సుందరమ్మ లేచి ఎదురు నిలిచింది.

"నియమం తెలుసు తల్లీ. ఆ కబురు అడగను. నా బిడ్డ బెదిరిందేమో అదొక్కటి చెప్పు."

ఆయేషా కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "బెదరలా పెద్దమ్మా. చానా నిబ్బరంగా ఉంది" అని తలుపు వేసుకున్నది.

పన్నెండయింది. మందుల కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ కసిరే వాచ్‌మన్ సాజిద్ కూడా టోపీ తీసి చేత పట్టుకొని గోడకానుకున్నాడు. మణెమ్మకు ఆ మౌనం అర్థం కాకపోయినా, కోడలి చేయి గట్టిగా పట్టుకున్నది.

అప్పుడు పియానో మోగింది.

పల్లవి మెల్లగా సాగింది. చరణంలో ఒక మెట్టు తప్పింది. వేళ్ళు ఆగి, మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకున్నాయి. హాలులోని వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. సుందరమ్మ మాత్రం మూసిన తలుపుకు ఎదురుగా నేల మీద సాగిలపడి మొక్కింది. ఆమె కన్నీళ్ళు గచ్చును తడుపుతున్నాయి.

మణెమ్మ ఆమెను లేవనెత్తి కావిలించుకున్నది. "పాపో బాబో ఎవరైతే ఏందక్కా, తల్లీబిడ్డా చల్లగున్నారు. అదే పదివేలు."

సుందరమ్మ కళ్ళు తుడుచుకొని ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"కాన్పు కాదు మణెమ్మా. తెల్లవారేసరికి కడుపులో పేగు చిల్లుపడింది. గుంటూరు దాకా పోయే వ్యవధి లేదన్నారు."

బల్ల మీద ఉన్నది డాక్టరమ్మ. కత్తి పట్టినది సాయిప్రియ.