మెట్ల మీద ప్రశ్నలు

"అమ్మా, టైమెంతయింది?"

మెట్ల మొదటి మలుపులో ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు పెద్దాయన.

ఆయన చేతికి గడియారం ఉంది. అది నడుస్తోంది కూడా.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. కానీ పెద్దవాడు, ఏమంటుంది? రెయిలింగ్ పట్టుకుని ఆయాసం అణచుకుంది.

"తొమ్మిదిన్నర."

"మంచిదమ్మా, మంచిది!" అన్నాడాయన, కింద గేటు దాకా వినపడేంత గొంతుతో.

రక్తపరీక్ష గది రెండో అంతస్తులో ఉంది. ఉన్న ఒక్క లిఫ్టూ స్ట్రెచర్లకే చాలదు. చక్రాల కుర్చీ ఇస్తామన్నారు గానీ ఆమే వద్దంది. అందులో ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవనేమోనని భయం.

క్యాన్సర్‌కు మందు ఎక్కించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో రక్తం తగ్గిపోతూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించినా ఆయాసమే. హిమోగ్లోబిన్ ఎనిమిదికి తగ్గితే ఆ రోజు మందు ఎక్కించరు. మందు వెనకబడితే జబ్బు ముందుకొస్తుంది. అందుకే ప్రతి వారం పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆమెకు గుండెల్లో గుబులే.

ఆగి ఆగి ఎక్కమని నర్సు చెప్పింది. ఆగితే చూసినవాళ్ళు 'అయ్యో పాపం' అంటారు. ఆ మాట పడటం కంటే ఊపిరాడకపోవడమే నయమనుకునే మనిషి టైలరమ్మ.

పెద్దాయన వదిలితేగా!

ఆయనదీ అదే జబ్బు, అదే మందు. వారం వారం ఇద్దరికీ ఒకే వేళ. నాలుగు మెట్లు ముందు ఎక్కేవాడు. ప్రతి మలుపులోనూ అడ్డంగా నిలబడి ఒక ప్రశ్న వేసేవాడు.

"ఏం పని చేస్తావమ్మా?"

"బట్టలు కుడతానండీ."

"మంచిదమ్మా, మంచిది!"

మరుసటి వారం మళ్ళీ అదే.

"ఏం పని చేస్తావమ్మా?"

"పోయినసారే చెప్పాను కదండీ!"

"మంచిదమ్మా, మంచిది!"

ఆమె ఆయనకు ప్రశ్నల తాత అని పేరు పెట్టింది. ఇంటికెళ్ళి ఆయన గొంతు అనుకరించి చూపిస్తే కూతురు పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

ఒక వారం మూడో మలుపులో అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

ఆ వేళ మెట్ల మీద వాళ్ళిద్దరే ఉన్నారు. టైలరమ్మ గోడవైపు తిరిగింది. డాక్టరుకు కూడా చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"నేనూ, నా కూతురూ. అంతేనండీ. తొమ్మిదో క్లాసు చదువుతోంది. ఊపిరాడనప్పుడల్లా దాని మొహమే కళ్ళముందు కనపడుతుంది. నేను పోతే దానికి ఎవరూ లేరు. భయంగా ఉందండీ. చాలా భయంగా ఉంది."

ఆమె ఇటు తిరిగేదాకా ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. తిరిగాక చిన్నగా నవ్వాడు.

"మంచిదమ్మా, మంచిది! ఇంక పది మెట్లే."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. మనిషేనా ఈయన?

తర్వాతి వారం ఆయన ఇంకా నోరు తెరవకముందే పక్కనుంచి తప్పించుకుని ముందుకెళ్ళిపోయింది.

"అమ్మా! అమ్మా! టైమెంతయింది?" వెనకనుంచి కేక.

"మీ గడియారాన్నే అడగండి!" అంది వెనక్కి చూడకుండా.

మెట్లన్నీ ఒక్క బిగిన ఎక్కేసింది. పైకి చేరేసరికి కళ్ళు బైర్లు కమ్మి కూలబడింది.

హిమోగ్లోబిన్ ఆరు. ఆ రోజు మందు ఆపేసి రక్తం ఎక్కించారు.

"ఆగి ఎక్కమని చెప్పానా లేదా?" నర్సు చీవాట్లు పెట్టింది. "ఇన్నాళ్ళూ బాగానే ఎక్కావు కదా!"

ఇన్నాళ్ళూ ఎలా ఎక్కిందో, రక్తం చుక్క చుక్కగా దిగుతుంటే పడుకుని ఆలోచించింది. ప్రతి మలుపులోనూ ఆగింది. ఆయన ఆపితేనే ఆగింది. చూసినవాళ్ళు ఎవరో ముసలాయనతో కబుర్లాడుతోందనుకున్నారే తప్ప, ఒక్కరూ అయ్యో పాపం అనలేదు.

ఎంత పొగరుపోతును, అనుకుంది.

మరుసటి వారం పరీక్షకు వచ్చినప్పుడు మొదటి మలుపులో నిలబడింది. ఈసారి తనే ముందు పలకరించాలని. చాలాసేపు చూసింది. ఆయన రాలేదు.

మెట్లు తుడుస్తున్న ఆయమ్మను అడిగింది.

"వారం వారం వచ్చే, గట్టిగా మాట్లాడే పెద్దాయన ఇంకా రాలేదా?"

ఆయమ్మ చెయ్యి ఆగింది.

"నీకు తెలీదా అమ్మా? పోయిన బుధవారం పోయారు."

టైలరమ్మ ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చింది.

"ఆఖరిసారి ఆయన్ని పుల్లవిరుపు మాటన్నాను ఆయమ్మా. ఎంత నొచ్చుకున్నారో ఏమో."

ఆయమ్మ తుడుపుకర్ర గోడకు ఆనించి, వచ్చి పక్కన కూర్చుంది.

"నీ మాటలు ఆయన్ని చేరితేగా నొచ్చుకోవడానికి! నీ పెదాలు పాలిపోవడం చూసి ఏదో ఒకటి అడిగి ఆపేవారు గానీ, ఈ మందుకే ఆయన రెండు చెవులూ పోయి ఏడాది దాటిందమ్మా."