రిబ్బను ముడి

"ఏం రాయాలి?" అన్నాడు రచయిత. పక్షవాతంతో అతని కుడిచేయి పడిపోయి నెల్లాళ్లయింది.

"ఎడమచేత్తో ఏది తోస్తే అది," అంది ఫిజియోథెరపిస్టు, వేళ్ల మధ్య పెన్సిలు పెడుతూ.

"వీడిది పుట్టుకతో ఎడమచేతి వాటమేనమ్మా," అక్క నవ్వింది. "నాన్న ఊరుకునేవాడా? రాతకు కూర్చుంటే చాలు, ఆ చేతిని నా రిబ్బనుతో కుర్చీకి కట్టేయమనేవాడు. గుర్తుందా తమ్ముడూ?"

"లేదక్కా. అరవై ఏళ్ల నాటి మాట."

అంటుండగానే చేయి కదిలింది. ముప్ఫై పుస్తకాలు రాసిన దస్తూరీ కాదది. ఆరేళ్ల పిల్లాడి వంకరటింకర అక్షరాలు. చదివి చూసుకున్నాక గానీ తనేం రాశాడో అతనికే తెలియలేదు.

"అక్కా, నొప్పెడుతోంది. విప్పవే."

అక్క నవ్వు ఆగిపోయింది. మెల్లగా వంగి, ఆ మణికట్టు మీద లేని ముడి కోసం వేళ్లతో వెతకసాగింది.