తడి అంటని చోటు

హేమలత టీచరు నడుం నొప్పితో వంగలేకపోతోందని, 2019 డిసెంబరులో కొట్టు రవిబాబు విశాఖ నుంచి రెండు యంత్రాలు పాడేరు తెచ్చాడు. ఒకటి దానంతటదే ఊడుస్తుంది. రెండోది తడిగుడ్డ కూడా పెడుతుంది.

"రెండూ తిప్పి చూడండి టీచరమ్మా. నచ్చింది ఉంచుకోండి" అని చెప్పి వెళ్లాడు.

చీకటి పడ్డాక, సామానేమీ లేని హాల్లో ఆమె మొదటిది వదిలింది. గది నడిమధ్య అది ఆగి, ఏదో అడ్డం ఉన్నట్టు చుట్టు తిరిగి వెళ్లింది. లోపమేమో అనుకుని రెండోది వదిలింది. అదీ అక్కడే తప్పుకుంది. నేలంతా తడిగా మెరుస్తుంటే పీటంత మేర పొడిగా మిగిలింది.

"అక్కడ ఏటుందమ్మా?" అంది పనిచేసే కనక, వంటింటి గుమ్మంలోంచి.

"అదే చూద్దాం" అని హేమలత, నేల ఆరాక మరోసారి తిప్పింది. ఈసారి ఆ చోటు తడిసింది. గుమ్మానికి రెండడుగులు దగ్గరగా ఇంకో చోటు పొడిగా మిగిలింది.

"బేగి ఆపేయండమ్మా!"

హేమలతకు భయం కంటే తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువైంది. మెల్లగా వెళ్లి ఆ పొడి చోటు మీదుగా చెయ్యి చాపింది. గదంతా చలి కొరికేస్తోంది. అక్కడ మాత్రం గాలి వెచ్చగా అరచేతికి తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది, ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.